వేళాంగణి యాత్రకు ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి

తమిళనాడు తీరంలో, నాగపట్టణానికి దక్షిణంగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేళాంగణి చాలా చిన్న ఊరు. రైల్వే స్టేషను, బస్టాండు, మరియమాతను ఆరోగ్యమాత పేరుతో కొలిచే బసిలికా (పోపు ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చి), సముద్రపు ఒడ్డు అన్నీ నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఉంటాయి. అంత చిన్న ఊరికి ఏటా ఆగస్టు చివరి రోజుల నుంచి సెప్టెంబరు 8 వరకు మాత పండుగకు లక్షలాది జనం వస్తారు. యాత్రికులకు ఎదురయ్యే ఇబ్బందులలో చాలావరకు దీని నుంచి పుట్టినవే. అందువల్ల టికెట్టు, గది, వెంట తీసుకువెళ్ళే సామాను, ఇంట్లో ఎవరెవరు బయలుదేరాలన్న విషయం కూడా మీరు ఏ తేదీన వెళుతున్నారన్న దానిమీదే ఆధారపడి ఉంటాయి. మొక్కుబడి ఉన్న కతోలిక కుటుంబాలకే కాక, ఆరోగ్యమాతను నమ్మి వచ్చే ఇతర మతాలవారికి, కేవలం ఊరు చూడాలనుకునేవారికి కూడా ఈ వరుస పనికివస్తుంది.

మొదట తేదీ తేల్చుకోండి

ఆగస్టు 29 సాయంత్రం ధ్వజారోహణతో పండుగ మొదలవుతుంది. ఆ తరువాత రోజూ నవదిన ప్రార్థనలు, దివ్యబలిపూజలు (కతోలిక గురువులు జరిపే ముఖ్య ఆరాధన, మాస్), సాయంత్రం వేళ మాత తేరు ఊరేగింపు జరుగుతాయి. సెప్టెంబరు 7 సాయంత్రం పెద్ద తేరు వెళుతుంది. 8వ తేదీ మరియమాత జన్మదినం. ఆనాటి ఉదయం తంజావూరు పీఠాధిపతుల (బిషప్పు) ఆధ్వర్యంలో పండుగ పూజ జరిగి, సాయంత్రం జెండా దించడంతో ఉత్సవం ముగుస్తుంది. పండుగ చూడాలన్నదే మీ కోరిక అయితే ఈ రోజులకు ప్రత్యామ్నాయం లేదు. కానీ మాత దగ్గర కాసేపు కూర్చుని ప్రశాంతంగా ప్రార్థించుకోవడం, పిల్లలకు ఊరు చూపించడం మీ ఉద్దేశమైతే పండుగ రోజులలో అది కుదరదని ముందే తెలుసుకోవడం మంచిది. జెండా పండుగకూ పెద్ద తేరుకూ నడుమ వచ్చే పనిదినాలలో రద్దీ కొంత తగ్గుతుంది. కనుక పండుగ వాతావరణమూ కావాలి, ఊపిరాడేంత చోటూ కావాలి అనుకునేవారు సెప్టెంబరు మొదటి రోజులలో సోమవారం నుంచి గురువారం లోపు వచ్చే తేదీలు చూసుకోవచ్చు.

పండుగతో నిమిత్తం లేనివారికి జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికన్నా మేలు. అప్పటికి ఈశాన్య రుతుపవనాలు వెనక్కి తగ్గి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ తీరానికి వానల కాలం, తుపానుల కాలం. 2018 నవంబరులో గజ తుపాను నాగపట్టణం, వేదారణ్యం ప్రాంతాల మధ్యనే తీరం దాటి ఈ జిల్లాను అతలాకుతలం చేసింది. ఆ నెలలలో వెళ్ళక తప్పనివారు రద్దు చేసుకోవడానికి వీలున్న టికెట్లు, గదులే తీసుకోవాలి. క్రిస్మసు, కొత్త సంవత్సరం, ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారం, వేసవి సెలవులు కూడా రద్దీ రోజులే. ఏ నెలలో వెళ్ళినా శని, ఆదివారాలు తప్పించి మంగళ, బుధవారాలు పెట్టుకుంటే గది అద్దెలోనూ, వరుసలో నిలబడే సమయంలోనూ తేడా మీకే తెలుస్తుంది.

వృద్ధులను, మోకాళ్ళ నొప్పులున్నవారిని, చంటిపిల్లలను పండుగ రోజులలో తీసుకువెళ్ళవద్దని నా గట్టి సలహా. మొక్కు మొక్కుకున్నది వాళ్ళే అయినా సరే, ఆ మొక్కును జనవరిలో తీర్చినందుకు మాతకు కోపం రాదు.

రెండవది ప్రయాణం

తేదీ తేలిన రోజునే రైలు టికెట్ల లెక్క వేసుకోండి. రైల్వే ముందస్తు రిజర్వేషను గడువు ప్రస్తుతం 60 రోజులు. ప్రయాణపు రోజును ఇందులో కలపరు. ఉదాహరణకు ఆగస్టు 28న రైలు ఎక్కాలంటే జూన్ 29 ఉదయం 8 గంటలకు రిజర్వేషను తెరుచుకుంటుంది. పండుగ రోజుల బెర్తులు ఆ ఉదయమే అయిపోయినా ఆశ్చర్యపోనక్కరలేదు కాబట్టి అందరి పేర్లు, వయసులు ముందుగానే నమోదు చేసి సిద్ధంగా ఉంచుకోవాలి. తిరుగు టికెట్టుకు వేరే తేదీన మళ్ళీ ఇదే పని చేయాల్సి ఉంటుంది. వెళ్ళే టికెట్టు దొరికిన సంతోషంలో దానిని మరచిపోయేవారు చాలామంది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళేవారికి సులువైన మార్గం చెన్నై మీదుగానే. విజయవాడ, సికింద్రాబాదు, విశాఖపట్నాల నుంచి పగటికల్లా చెన్నై సెంట్రలు చేరితే, ఆ రాత్రి కారైకాల్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి నాగపట్టణంలో దిగవచ్చు. దక్షిణం వైపు వెళ్ళే రైళ్ళు సెంట్రలు నుంచి కాక ఎగ్మూరు నుంచి, కొన్ని సందర్భాలలో తాంబరం నుంచి బయలుదేరతాయి. ఎగ్మూరు అయితే సెంట్రలు నుంచి ఆటోలో కొద్ది నిమిషాలలో చేరవచ్చు. తాంబరం మాత్రం నగరానికి దక్షిణపు కొసన ఉంటుంది, లోకల్ రైలులో వెళ్ళినా గంట సమయం పెట్టుకోవాలి. కాబట్టి టికెట్టు మీద ఎక్కవలసిన స్టేషను పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. రెండు రైళ్ళ మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండేటట్లు చూసుకుంటే మొదటి రైలు ఆలస్యమైనా రెండవది తప్పిపోదు.

రైల్వే వెబ్‌సైటులో వెతికేటప్పుడు వేళాంగణి స్టేషను కోడు వీఎల్‌ఎన్‌కే, నాగపట్టణం కోడు ఎన్‌జీటీ. నాగపట్టణం నుంచి వేళాంగణికి 2010లో రైలు మార్గం వచ్చింది కానీ దానిమీద నడిచే రైళ్ళు తక్కువ. నాగపట్టణం వరకు టికెట్టు తీసుకుని అక్కడి నుంచి బస్సులో గాని, ఆటోలో గాని వెళ్ళడం మేలు. బస్సులు తరచుగా ఉంటాయి. పండుగకు సికింద్రాబాదు నుంచి నేరుగా వేళాంగణికి ప్రత్యేక రైళ్ళు నడిపిన సంవత్సరాలున్నాయి. వాటి ప్రకటన ఆలస్యంగా వస్తుంది గనుక వాటినే నమ్ముకుని మామూలు టికెట్లు వదులుకోకూడదు. ప్రత్యేక రైలు దొరికితే అప్పుడు మొదటి టికెట్టు రద్దు చేసుకోవచ్చు.

బస్సులో వెళ్ళదలచినవారికి చెన్నై నుంచి పుదుచ్చేరి, చిదంబరం, కారైకాల్ మీదుగా ప్రభుత్వ, ప్రైవేటు బస్సులు ఉన్నాయి. దూరం 320 కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి బస్సు అయితే ఉదయానికి చేరుతుంది. ఎక్కవలసిన చోటు కోయంబేడా, కిలాంబాక్కమా అన్నది టికెట్టు తీసుకునేటప్పుడే చూసుకోండి. రెండింటి నడుమ నగరమంతా అడ్డం ఉంటుంది.

తిరుపతి, చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి సొంత కారులోనో అద్దె బండిలోనో వెళ్ళే కుటుంబాలు ఎక్కువ. దారిలో తగిలే కారైకాల్ తమిళనాడుది కాదు, పుదుచ్చేరిలో భాగం. అద్దె బండికి అఖిల భారత టూరిస్టు పర్మిటు ఉన్నదో లేదో బయలుదేరకముందే డ్రైవరును అడగాలి, లేకపోతే సరిహద్దు తనిఖీల దగ్గర కట్టే రుసుములు మీ మీద పడతాయి. ఆగస్టు చివరి వారంలో తూర్పు తీరపు రహదారి మీద రాత్రిపూట బండి నడపకండి. కాషాయ వస్త్రాలు కట్టుకుని, మాత స్వరూపం పెట్టిన చిన్న తోపుడుబండ్లను నెట్టుకుంటూ చెన్నై నుంచి, దారిలోని ఊళ్ళ నుంచి కాలినడకన వచ్చే బృందాలు రోడ్డు అంచునే నడుస్తుంటాయి. ఎండ తప్పించుకోవడానికి వాళ్ళు నడిచేది ఎక్కువగా చీకటి వేళల్లోనే.

విదేశాల నుంచి వచ్చే తెలుగువారు చెన్నైకి బదులు తిరుచిరాపల్లి విమానాశ్రయం చూసుకోవచ్చు. సింగపూరు, కౌలాలంపూరు, దుబాయి నుంచి అక్కడికి విమానాలున్నాయి; అక్కడి నుంచి తంజావూరు మీదుగా వేళాంగణికి రోడ్డు దారి సుమారు 150 కిలోమీటర్లు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు లాడ్జీలలో చూపడానికి పాస్‌పోర్టుతో పాటు వీసాను గాని ఓసీఐ కార్డును గాని చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

మూడవది బస

క్షేత్రం ఆధ్వర్యంలో నడిచే వసతి గృహాలు బసిలికా చుట్టుపక్కలే ఉన్నాయి. అద్దె తక్కువ, ఆవరణకు దగ్గర, కుటుంబాలకు నిశ్చింత. క్షేత్రపు అధికారిక వెబ్‌సైటు ద్వారా ముందుగా గది తీసుకోవచ్చు. దొరికితే మరో ఆలోచన పెట్టుకోనక్కరలేదు. దొరకకపోతే ప్రైవేటు లాడ్జీలు వీధికి పది ఉన్నాయి. వాటిలో గది తీసుకునే ముందు మూడు విషయాలు అడగండి: ఖాళీ చేయవలసిన సమయం గడియారం ప్రకారం ఉంటుందా లేక మీరు దిగిన గంట నుంచి 24 గంటలా, వేడినీళ్ళు ఏ వేళ వస్తాయి, లిఫ్టు ఉందా. మొదటి ప్రశ్న ముఖ్యం. తెల్లవారుజామున దిగే యాత్రికుడికి మధ్యాహ్నం 12 గంటలకు ఖాళీ చేయాలనే లాడ్జీలో ఒక రోజు అద్దె కొన్ని గంటల స్నానానికే అయిపోతుంది.

ఇంటర్నెట్టులో గది వెతికేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. చెన్నై బెసంట్ నగర్‌లో సముద్రపు ఒడ్డునే అన్నై వేళాంగణి పేరుతో ప్రసిద్ధమైన చర్చి ఉంది, అక్కడా ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకే పండుగ జరుగుతుంది. చర్చి పేరు మాత్రమే కొట్టి వెతికితే ఆ చుట్టుపక్కల హోటళ్ళు కూడా కనిపిస్తాయి. జిల్లా పేరు నాగపట్టణం అని ఉన్నదో లేదో చూసిన తరువాతే డబ్బు కట్టండి. అన్నట్టు, నాగపట్టణం దాకా వెళ్ళే ఓపిక, సెలవు లేనివారు చెన్నైలోని ఆ చర్చికి వెళ్ళి పండుగ చూసుకోవడంలో తప్పేమీ లేదు.

పండుగ రోజులలో వేళాంగణిలో గది దొరకనివారు నాగపట్టణంలోనో, సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని తిరువారూరులోనో దిగి, ఉదయమే బస్సులో వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు. బస్సు దిగిన చోటే గది చూపిస్తామంటూ వెంటపడే మనుషులకు ముందుగా డబ్బు ఇవ్వకండి. గది కళ్ళతో చూసి, నీళ్ళు వస్తున్నాయో లేదో కుళాయి తిప్పి, రసీదు తీసుకున్నాకే చెల్లించాలి. ఆరుబయట పడుకునే యాత్రికులు వేలల్లో ఉంటారు. మీరూ అలా ఉండదలిస్తే పెద్ద సామాను ఏదీ తేవద్దు.

సామాను విషయంలో

పెద్దగా చెప్పవలసింది లేదు. నూలు బట్టలు, గొడుగు, టోపీ, తువ్వాళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వాడుకలో ఉన్న మందులు, ఆధార్ కార్డులు చాలు. పాదరక్షలు సులువుగా విడిచి తొడుక్కోగలిగినవి వేసుకోండి, ఎందుకంటే రోజులో పదిసార్లు విడవవలసి వస్తుంది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు అందరికీ అవసరం. ఇది సముద్రతీరం, భూగర్భ జలంలో ఉప్పు ఉంటుంది. లాడ్జీ కుళాయి నీళ్ళు తాగకుండా సీసా నీళ్ళే కొనుక్కోవాలి. క్షేత్రంలోని మాత కొలను నీరు ఇంటికి తీసుకువెళ్ళాలనుకునేవారు గట్టి మూత ఉన్న చిన్న సీసాను ఇంటి నుంచే తెచ్చుకుంటే సంచిలో కారదు.

క్షేత్రంలో ఏ వరుసలో చూడాలి

ఈ క్షేత్రానికి మూడు కథలు, ఆ మూడింటికి మూడు చోట్లు ఉన్నాయి. ఆ కథల క్రమంలోనే వెళితే చూసినదంతా మనసులో చక్కగా కూర్చుంటుంది. బస్టాండు నుంచి నేరుగా బసిలికాలోకి వెళ్ళి, దుకాణాలు తిరిగి వచ్చేస్తే మిగిలిన రెండు చోట్లు తెలియకుండానే ఉండిపోతాయి.

మొదటిది మాత కొలను. 16వ శతాబ్దంలో నాగపట్టణంలోని ఒక యజమాని ఇంటికి పాలు మోసుకు వెళుతున్న పశుల కాపరి పిల్లవాడు కొలను గట్టున మర్రిచెట్టు నీడన విశ్రమించగా, చేతిలో బిడ్డతో ఒక స్త్రీ ప్రత్యక్షమై బిడ్డ కోసం పాలు అడిగిందనీ, అతడు ఇచ్చాడనీ, యజమాని ఇంటికి చేరేసరికి కుండ నిండి పొంగి పొర్లిందనీ చెబుతారు. రెండవది నడుతిట్టు. అక్కడ మర్రిచెట్టు కింద మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లవాడిని మాత మజ్జిగ అడిగి, తనకు ఒక గుడి కట్టించమని నాగపట్టణంలోని ఒక కతోలికునికి చెప్పి రమ్మన్నదట. పిల్లవాడు లేచి పరుగెత్తాడు, కాలు బాగైంది. తాటాకుల చిన్న గుడి వెలసింది. మూడవ కథ సముద్రానిది. మకావు నుంచి సింహళానికి పోతున్న పోర్చుగీసు వర్తకుల ఓడ 17వ శతాబ్దంలో తుపానులో చిక్కుకుంటే, ఒడ్డు చేరితే మాతకు గుడి కడతామని నావికులు మొక్కుకున్నారు. చేరింది ఇక్కడికి, సెప్టెంబరు 8న. పూరిపాక స్థానంలో వాళ్ళు కట్టించిన గుడే ఇప్పటి బసిలికాకు మూలం. ఇవి భక్తుల నోటి సంప్రదాయాలు. చరిత్ర పత్రాలతో రుజువైనవని ఎవరూ అనరు. అయినా ఊరి పటమంతా వీటి మీదే నిలిచి ఉంది.

అందుకని ఉదయం ఇంకా చల్లగా ఉన్నప్పుడే మాత కొలను వద్దకు వెళ్ళండి. బసిలికా నుంచి కొలను వరకు ఇసుక పరచిన దారి ఉంది. మొక్కు ఉన్నవారు ఆ దారి వెంట మోకాళ్ళ మీద నడుస్తారు. దూరం నుంచి చూస్తే తేలికగా కనిపిస్తుంది గాని, నాలుగు బారలు జరిగేసరికి ఇసుక మోకాటి చర్మాన్ని గీరడం మొదలవుతుంది. ఎండెక్కితే అదే ఇసుక కాలుతుంది. చీర కుచ్చెళ్ళు మోకాలి కింద పడి ముందుకు తూలిపోకుండా, పక్కన నడిచే బంధువులు చెరొక చేయి పట్టుకోవడం చూస్తారు. ఈ మొక్కు తీర్చదలచినవారు తువ్వాలు మడిచి మోకాళ్ళకు కట్టుకుని, సూర్యోదయం వేళకే మొదలుపెట్టి, వెంట ఒకరిని ఉంచుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఈ పని పెట్టుకోవద్దు, మోకాటి మీద పుండు పడితే మానడం కష్టం. కేవలం చూడడానికి వెళ్ళినవారు ఆ దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు తీయకుండా పక్కనున్న బాటలో నడిస్తే మర్యాదగా ఉంటుంది.

తరువాత నడుతిట్టు చూసుకుని బసిలికాకు రండి. తెల్లని గోడలు, ఎత్తైన శిఖరాలతో ఉన్న ఈ ఆలయానికి 1962లో పోపు 23వ జాన్ బసిలికా హోదా ఇచ్చారు. యాత్రికులు పెరగడంతో 1975లో వెనుక వైపు రెండంతస్తులుగా విస్తరించారు. ముందు భాగం పాత గుడి, వెనుక భాగం కొత్తది. తేడా తెలియనివారు వెనుక భాగంలో పూజ చూసుకుని, అసలు మాత స్వరూపాన్ని చూడకుండానే తిరిగి వస్తారు. చీర కట్టుకుని చేతిలో బాలయేసుతో ఉన్న ఆ స్వరూపం పాత గుడి పీఠం మీద ఉంటుంది. అదే పీఠం దగ్గర బైబిలు ఘట్టాలు చిత్రించిన పింగాణీ పలకలు అమర్చి ఉంటాయి. పోర్చుగీసు నావికులు కృతజ్ఞతగా తెచ్చి ఇచ్చినవని చెబుతారు. వరుస కదిలిపోతూ ఉంటుంది కాబట్టి ముందే తెలిసి చూడకపోతే అవి కంటపడవు. లోపల ఫోను జేబులోనే ఉంచండి.

దివ్యబలిపూజలు ఎక్కువగా తమిళంలో జరుగుతాయి. పండుగ రోజులలో తెలుగు, మలయాళం, కన్నడం, కొంకణి, హిందీ భాషలలో కూడా పూజలు ఉంటాయి. ఏ పూట ఏ ఆలయంలో ఏ భాష అన్నది మారుతూ ఉంటుంది. దిగిన వెంటనే విచారణ కార్యాలయం దగ్గరి బోర్డు చదివి, తెలుగు పూజ వేళ రాసుకుని, మిగిలిన కార్యక్రమాలు దాని చుట్టూ అమర్చుకోండి. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) తెలుగులో చేయాలనుకునేవారు తెలుగు వచ్చిన గురువులు ఎప్పుడు అందుబాటులో ఉంటారో అక్కడే అడగవచ్చు. పూజ చెప్పించుకోవడానికి, కానుక ఇవ్వడానికి డబ్బు కార్యాలయపు కౌంటరులోనే కట్టి రసీదు తీసుకోవాలి. వీధిలో ఎవరైనా మీ తరఫున కట్టి వస్తామంటే వినవద్దు.

మొక్కుబడి వస్తువుల దుకాణాలు దారి పొడవునా ఉంటాయి. కొవ్వొత్తులు, పూలదండలు, కొబ్బరి మొక్కలు, కన్ను, చెయ్యి, కాలు, ఇల్లు, ఉయ్యాల ఆకారంలో తెల్లని లోహపు రేకులు అమ్ముతారు. నయమైన అవయవం బొమ్మను సమర్పించడం ఇక్కడి ఆచారం. వెండి అని చెప్పి ఎక్కువ ధర అడిగితే రసీదు అడగండి. మామూలు రేకు సమర్పించినా ఎవరూ తప్పుపట్టరు. తలనీలాలు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. మొక్కులు తీరినవారు ఇచ్చిన వస్తువులను ప్రదర్శించే మ్యూజియం ఆవరణలోనే ఉంది. నిజానికి పర్యాటకుడిగా వచ్చినవారికి ఊరిలో అన్నిటికన్నా ఆసక్తికరమైన చోటు అదేనని నా అభిప్రాయం. గాజు బీరువాలలో పేర్చిన ఆ కానుకలను మెల్లగా చూస్తూ పోతే, జనం ఏయే కష్టాలతో ఇంత దూరం వచ్చారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. దీనికి గంట సమయం కేటాయించండి.

పండుగకు వెళ్ళినవారు అదనంగా చేయవలసినవి

ధ్వజారోహణ, పెద్ద తేరు రోజులలో సాయంత్రం నాలుగు తరువాత బసిలికా ముందు చోటు దొరకదు. దగ్గరగా నిలబడాలనుకుంటే మధ్యాహ్నమే వెళ్ళి కూర్చోవాలి. లేకపోతే తేరు తిరిగే వీధిలో ఏదో ఒక మలుపు దగ్గర, గోడకు ఆనుకుని నిలబడండి. తేరు మీ దగ్గరకే వస్తుంది. బారికేడ్లకు ఆనుకుని మాత్రం నిలబడవద్దు, వెనుక నుంచి తోపిడి వచ్చినప్పుడు నలిగేది అక్కడ నిలబడినవాళ్ళే. జనం ఎక్కువైతే ఫోన్లు పలకవు. కుటుంబమంతా తప్పిపోతే కలుసుకోవడానికి పగలే ఒక చోటు చూపించి పెట్టుకోవాలి. అది ఆవరణ బయట, దీపాలున్న చోటు, అందరికీ పేరు చెప్పడానికి వీలైనది కావాలి. లాడ్జీ పేరు, పెద్దవారి ఫోను నంబరు తమిళంలో కాగితం మీద రాయించి పిల్లల జేబులో పెట్టండి. లాడ్జీ కౌంటరులో అడిగితే రాసి ఇస్తారు. మెడలో బంగారం ఇంట్లోనే వదిలి రావడం ఉత్తమం.

సముద్రం, భోజనం

బీచి దారిలో చేపల దుకాణాలుంటాయి. పసుపు, కారం పట్టించి వరుసగా పరిచిన చేపలలో మీరు చూపించినది అక్కడికక్కడే వేయించి ఇస్తారు. ధర ముందే అడిగి, నూనె నల్లబడని కొట్టు చూసుకుని తినండి. శాకాహారులకు ఇడ్లీ, పొంగలి, సాంబారు అన్నం అన్ని హోటళ్ళలో దొరుకుతాయి.

సముద్రంతో మాత్రం చనువు వద్దు. 2004 డిసెంబరు 26 ఉదయం, క్రిస్మసు మరునాడు, సునామీ వచ్చినప్పుడు ఈ ఒడ్డున ఉన్న యాత్రికులు, దుకాణదారులు, జాలరి కుటుంబాలవారు పెద్ద సంఖ్యలో చనిపోయారు. నీళ్ళు బసిలికా లోపలికి రాలేదు. ఆ రోజు ప్రాణాలు పోయినవారిలో బయటి రాష్ట్రాలవారు కూడా ఉన్నారు. మామూలు రోజులలో కూడా ఇక్కడి అలలు కాళ్ళ కింది ఇసుకను లాగేస్తాయి. మోకాటి లోతు దాటి వెళ్ళవద్దు, చీకటి పడ్డాక అసలే దిగవద్దు. పోలీసులు ఈల వేస్తే వెంటనే వెనక్కి రావాలి.

చుట్టుపక్కల ఏమి చూడాలి, ఎలా తిరిగి రావాలి

వేళాంగణికి రెండు రాత్రులు చాలు. మూడవ రోజును తిరుగు దారికి ఇవ్వండి. నాగపట్టణం దాటి ఉత్తరంగా నాలుగైదు కిలోమీటర్లు వెళితే నాగూరు దర్గా వస్తుంది. 16వ శతాబ్దపు సూఫీ సాధువు షాహుల్ హమీదు సమాధి అది. ఐదు మీనార్లలో ఎత్తైనదానిని తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు కట్టించాడు. వేళాంగణికి వచ్చినవారు నాగూరుకు, నాగూరుకు వచ్చినవారు వేళాంగణికి వెళ్ళడం ఈ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు.

ఇంకా ఉత్తరంగా, కారైకాల్ దాటాక తరంగంబాడి. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడి అనుమతితో డేన్మార్కువారు కట్టుకున్న డాన్స్‌బోర్గ్ కోట సముద్రానికి ఎదురుగా ఇప్పటికీ నిలిచి ఉంది. తెలుగులో కావ్యాలు రాసిన ఆ రాజుతోనే వాళ్ళు ఒప్పందం చేసుకున్నారన్నది మనకు ఆసక్తి కలిగించే విషయం. అదీకాక, ఈ ఊరి క్రైస్తవ మిషనులో పనిచేసిన బెంజమిన్ షుల్జే తరువాత జర్మనీలోని హాలేలో 18వ శతాబ్దం మధ్యలోనే తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. సొంత బండి ఉన్నవారు దీనిని వదులుకోవద్దు. పక్షులు చూసే ఆసక్తి ఉన్నవారు శీతాకాలంలో వస్తే, దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని కోడియక్కరైకి ఒక పూట కేటాయించవచ్చు.

రైలులో తిరిగి వచ్చేవారు తిరువారూరు మీదుగా తంజావూరు చేరి, అక్కడి నుంచి రాత్రి రైలులో చెన్నై వెళ్ళడం మంచి పద్ధతి. త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ పుట్టిన ఊరు తిరువారూరు. వేళాంగణి నుంచి ఉదయం 7 గంటలకు బయలుదేరితే తిరువారూరు ఆలయం చూసుకుని మధ్యాహ్నానికి తంజావూరు చేరవచ్చు. తమిళనాడులో పెద్ద ఆలయాలు సాధారణంగా మధ్యాహ్నం మూసి సాయంత్రం నాలుగు గంటల వేళకు తెరుస్తారు. కాబట్టి ఆ నడుమ సమయాన్ని తంజావూరు కోటలోని సరస్వతీ మహల్ గ్రంథాలయపు ప్రదర్శనశాలకు ఇవ్వండి. నాయక, మరాఠా రాజుల కాలపు తెలుగు తాళపత్రాలు ఆ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. సెలవు రోజులలో మూసి ఉంటుంది గనుక ముందే కనుక్కోవాలి. సాయంత్రం నాలుగున్నరకు, ఎండ వాలి రాతి గచ్చు కాళ్ళు కాల్చని వేళకు, రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన బృహదీశ్వరాలయానికి వెళ్ళి, చీకటి పడేదాకా ఉండి, భోజనం చేసి స్టేషను చేరుకోవచ్చు. తంజావూరు నుంచి చెన్నై వెళ్ళే ఉళవన్ ఎక్స్‌ప్రెస్ రాత్రి వేళ బయలుదేరి ఉదయానికి చేరుస్తుంది. చెన్నైలో విజయవాడ వైపు పగటి రైలు అందుకోవడానికి అది సరిపోతుంది. కొబ్బరి మొక్క ఏదైనా ఇంటికి తెచ్చుకుంటుంటే వేళ్ళకు తడి గోనె చుట్టి బెర్తు కింద నిలబెట్టండి, పడుకోబెడితే మట్టి రాలి పక్కవారి సామాను పాడవుతుంది.